పోస్టులో వచ్చిన ట్రైనింగు

దూరవిద్యలో బి.ఎడ్. చేసినవాళ్ళు హెడ్మాస్టర్లు కావచ్చా, కాకూడదా అన్న తగాదా మళ్ళీ మొదలైందట. మా వీధిలో ఉండే ఒక టీచరమ్మ మొన్న తన కాగితాలన్నీ సంచిలో వేసుకొని వచ్చింది. "తాతా, విద్యాశాఖల ముప్పై ఏండ్లు చేసినవ్ గద. నా డిగ్రీ చెల్లుతదా చెల్లదా, జర చూసి చెప్పు" అంది. కళ్ళజోడు పెట్టుకున్నాను గాని ఆ కాగితాల మీద చూపు నిలవలేదు. అరవైల నాటి ఒక ఫైలు గుర్తొచ్చి కూర్చుంది. ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెప్తున్నాను. చట్టం ఏమంటుందో కావాలంటే వకీలు దగ్గరికి పోండి. నా దగ్గరున్నది ఒక గుమాస్తా చేసిన తప్పు, అంతే.

నేను పనిచేసిన దఫ్తరు పేరు చెప్పను. తప్పు నాది, దఫ్తరుది కాదు. నాది నకిరేకల్ పక్క ఊరు. ఉద్యోగం తెచ్చి పాలమూరు వైపు పడేసింది. టీచర్ల సర్వీసు పుస్తకాలూ సీనియారిటీ జాబితాలూ నా టేబుల్ మీదే ఉండేవి. చేరి నాలుగేళ్ళయినా కాలేదు, నియమాల పుస్తకం మొత్తం నాకు కంఠతా వచ్చని అనుకునేవాణ్ణి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అంటారే, ఆ రకం. ఏ ఫైలు వచ్చినా అందులో ఒక లోపం పట్టకపోతే నాకు ఆ పూట అన్నం సయించేది కాదు.

మా సూపరింటెండెంటు నిజాం కాలంలో చేరిన మనిషి. ఎండాకాలంలో కూడా షేర్వాణీ గుండీలు విప్పేవాడు కాదు. రాజ్యం మారింది, భాష మారింది, ఫైళ్ళ మీద ఉర్దూ పోయి ఇంగ్లీషు, తెలుగు వచ్చాయి. ఆయన మాత్రం హెడ్మాస్టరును సదర్ ముదర్రిస్ అనే అనేవాడు. నన్ను బేటా అనేవాడు. నా నోటుల్లో వ్యాకరణం దిద్దలేడు గాని నా దూకుడు దిద్దడానికి చాలా పాటుపడ్డాడు. "బేటా, ఫైల్ల ఉన్నది కాయితం గాదు, ఆద్మీ. జర మెల్లగ పట్టుకో" అనేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఇక అసలు మనిషి. అమ్రాబాద్ అవతల, ఘాటు ఎక్కి పోతే అడవి అంచున ఒక ఊరు. అక్కడి బడిలో పదిహేనేళ్ళుగా ఉన్న ఒక ఉపాధ్యాయుడు. గుట్ట మీద ఉంటాడు కాబట్టి దఫ్తరులో మేమంతా ఆయన్ను గుట్టసారు అనుకునేవాళ్ళం. గొర్ల కాపరుల ఇంట్లో పుట్టి, ఉర్దూలో మెట్రిక్కు పాసై, నౌకరి చేసుకుంటూనే బి.ఏ. ప్రైవేటుగా కట్టి గట్టెక్కినవాడు. ఆయన చేరినప్పుడు అది ప్రైమరీ బడి. ఒక్కొక్క తరగతే పెంచుకుంటూ వచ్చి హైస్కూలు చేయించాడు. పెంటలు అనే చెంచు గూడేల నుంచి కూడా ఇద్దరు ముగ్గురు పిల్లలు వచ్చి ఆ ఊళ్ళో ఉండి చదివేవాళ్ళు. నేను చెప్పే ఏడాది, ఆ బడి నుంచి మొదటిసారి పదకొండు మంది మెట్రిక్కు పరీక్షకు కూర్చోబోతున్నారు. ఆ ఏడాదే హెడ్మాస్టరు పోస్టు కూడా మంజూరైంది. అప్పటిదాకా ఆయనే ఇన్‌చార్జి.

హెడ్మాస్టరు కావాలంటే డిగ్రీ ఉండాలి, ట్రైనింగు ఉండాలి. ట్రైనింగు ఎట్లా పొందాలో నియమం రాసిన మహానుభావుడు రాయలేదు. అప్పటిదాకా ట్రైనింగు అంటే ఏడాది సెలవు పెట్టి, ఇల్లూ పిల్లల్నీ వదిలి, పట్నంలో కాలేజీ బెంచీ మీద కూర్చోవడమే. గుట్టసారు సెలవు పెడితే బడి మూతపడుతుంది. అందుకని ఆయన అప్పుడప్పుడే మొదలైన కొత్త రకం చదువులో చేరాడు. రెండు వేసవులు పరరాష్ట్రంలోని ఒక కాలేజీకి పోయి తరగతుల్లో కూర్చోవాలి. మధ్యలో ఏడాదంతా పాఠాలు పోస్టులో వస్తాయి, జవాబులు పోస్టులో పోతాయి. పనిచేసే బళ్ళో నలభై పాఠాలు చెప్పి, ట్రైనింగు ఉన్న పెద్ద ఉపాధ్యాయుణ్ణి వెనక కూర్చోబెట్టి, ఆయనతో లోపాలు రాయించి సంతకం పెట్టించుకోవాలి.

జాబితాలో ఆయన పేరు మొదటిది. కింద ఉన్నవాళ్ళు అర్జీ పెట్టారు. పోస్టులో పాఠాలు చదివినవాడూ, కాలేజీలో ఏడాది కూర్చున్నవాడూ ఒకటే ఎట్లా అవుతారని వాళ్ళ ప్రశ్న. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళ కష్టం వాళ్ళది. అర్జీలో రెండో సంతకం నా గది దోస్తుది. టౌను బళ్ళో లెక్కల సారు. మేమిద్దరం ఒకే గది కిరాయికి తీసుకొని ఉండేవాళ్ళం. గుట్టసారు తర్వాత జాబితాలో ఉన్నది ఆయనే.

ఫైలు నా దగ్గరికి వచ్చింది. దాంతో పాటు గుట్టసారు నలభై పాఠాల పుస్తకం కూడా. తెరిచి నేను ముందు నవ్వాను, తర్వాత ఎగిరి గంతేశాను. పాఠం చెప్పినవారు అన్నచోట ఏ సంతకం ఉందో, పాఠం చూసినవారు అన్నచోటా అదే సంతకం. ఆ బళ్ళో ఇంకో ట్రైనింగు మనిషి లేడు. ఇన్‌చార్జి హెడ్మాస్టరు తానే. కాబట్టి తన పాఠాలను తానే తనిఖీ చేసుకున్నాడు.

చేసిన తీరు చూడాలి. పదిహేడో పాఠం కింద ఇట్లా రాసి ఉంది: "ఉపాధ్యాయుడు నేడు రెండుసార్లు కోపగించుకొనెను. కారణము పిల్లలు కారు, ఇంటి యొద్ద జరిగిన తగవు. ఇది తగదు. పదికి మూడు." ఇంకోచోట: "ప్రశ్న అడిగి, పిల్లలకు వ్యవధి ఇవ్వక తానే జవాబు చెప్పెను. ఈ అలవాటు గతవారము కూడ సూచించితిని. మార్పు లేదు." ఇరవై మూడో పాఠానికి సున్నా వేసుకొని, మరునాడు అదే పాఠం మళ్ళీ చెప్పి ఆరు వేసుకున్నాడు. దఫ్తరంతా గుమిగూడి చదువుకున్నాం. సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పాతికేండ్ల నౌకరిల ఇంత సక్త్ తనిఖీ నేను చూడలే బేటా" అన్నాడు.

అక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. "చెప్పినవారును, చూచినవారును ఒక్కరే అయినందున, ఇట్టి ట్రైనింగు ప్రమోషనుకు పనికిరాదని మనవి" అని నోటు రాశాను. ఆ వాక్యం నాకెంత నచ్చిందంటే గదికి పోయి దోస్తుకు వినిపించాను కూడా. ఆఫీసరు సంతకం పెట్టాడు. గుట్టసారు నలభై పాఠాలు మళ్ళీ, ట్రైనింగు ఉన్న హెడ్మాస్టరు ముందు చెప్పాలి. అప్పుడు వచ్చే ఖాళీలో ఆయన సంగతి చూస్తారు. ప్రస్తుతం ఉన్న ఖాళీ జాబితాలో తర్వాతివాడికి.

ఖాళీ ఎక్కడుందో దోస్తు ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. ఆగస్టులో ఆర్డరు వచ్చింది: గుట్ట మీది ఆ బడికే హెడ్మాస్టరుగా మా లెక్కల సారు.

"ప్రమోషన్ అడిగితే వనవాసం ఇచ్చిన్రు గదరా" అని మంచం మీద కూలబడ్డాడు. పులి భయం ఆయనకు. గోడ మీద బల్లిని చూసి బయటికి పోయే మనిషి. పది రోజులు కాలం గడిపి, చివరికి పెట్టె కట్టుకొని బస్సెక్కాడు.

వెళ్ళిన కొత్తలో వారానికో కార్డు వచ్చేది, అన్నీ తిట్లే. దసరా తర్వాత తిట్లు తగ్గాయి. గుట్టసారు నలభై పాఠాలు మళ్ళీ మొదలుపెట్టాడు, మా దోస్తు వెనక బెంచీ మీద కూర్చొని చూస్తున్నాడు. ఒక కార్డులో ఇట్లా రాశాడు: "పాఠం మంచిగుంది అని రాస్తే ఈయన ఊకుంటలేడు. తప్పు చూపియ్యుమని సతాయిస్తుండు. తప్పులు ఏరుడు నాతోని అయితలేదు. నువ్వు జర వచ్చి సాయం జెయ్యి, నీకు అలవాటే గద." ఆ మాట నాకు బాగానే గుచ్చుకుంది.

జనవరిలో నలభై పాఠాలూ పూర్తయి కాగితాలు వచ్చాయి. వాటిని పాత ఫైలుకు కలిపి కుట్టడానికి కూర్చున్నాను. దబ్బనం దింపబోతుంటే ఫైలు చెయ్యి జారి వెల్లకిలా పడింది. వెనక అట్ట తెరుచుకుంది. అట్టకు ఆనుకొని, తెల్ల కాగితాల కింద, నేనెన్నడూ చూడని ఒక ఉత్తరం.

గుట్టసారు చదివిన కాలేజీ నుంచి వచ్చింది. ఆయన బళ్ళో ఇంకో ట్రైనింగు ఉపాధ్యాయుడు లేడన్న సంగతి మాకు తెలుసు, అందుకే రెండో వేసవిలో ఆయన పాఠాలను మా అధ్యాపకులే ఎదుట కూర్చొని చూశారు, తృప్తి చెందాకే డిగ్రీ ఇచ్చాం, మీ రికార్డు కోసం తెలియజేస్తున్నాం. ఇదీ సారాంశం. తేదీ చూస్తే నా నోటు కంటే రెండు నెలలు ముందుది.

ఉర్దూ పుస్తకం కుడి నుంచి తెరుస్తారు. మనకు ఆఖరి పేజీ ఏదో వాళ్ళకు మొదటి పేజీ అది. ఆ ఉత్తరం వచ్చిన రోజు నేను చెల్లెలి పెళ్ళికి సెలవులో ఉన్నాను. సూపరింటెండెంటు నా పని తగ్గిద్దామని తానే కుట్టి పెట్టాడు. చెయ్యి పాత అలవాటు కొద్దీ పోయింది. ముఖ్యమైన కాగితం అన్నిటికన్నా ముందు కనబడాలని మొదట్లోనే పెట్టాడు, ఆయన లెక్కలో మొదట్లో. నేను ఎడమ నుంచి చదువుతూ పోయి, తెల్ల కాగితాలు రాగానే ఫైలు అయిపోయిందనుకున్నాను. లోపాలు పట్టే మొనగాణ్ణి కదా, ఒక్కసారి తిరగేసి చూడాలని తోచలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ ఆదివారం ఉత్తరం మడిచి జేబులో పెట్టుకొని గుట్ట ఎక్కే బస్సు పట్టుకున్నాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఈ ఉత్తరం ఆఫీసరు ముందు పెడితే గుట్టసారు ఆగస్టు నుంచే హెడ్మాస్టరు. ఆయన సీనియారిటీ ఆయనకు వస్తుంది. మా దోస్తు వెనక్కి టౌనుకు పోతాడు. నాకు మెమో తప్పదు. అయినా సరే అనుకున్నాను. మంచి వార్త మోసుకుపోతున్నానన్న ధైర్యం ఒకటి ఉండె.

ఆదివారమైనా బడి నడుస్తోంది. మా దోస్తు పదకొండు మందినీ ముందు పెట్టుకొని నల్లబల్ల నిండా లెక్కలు రాస్తున్నాడు. అంగీ చేతులు మోచేతుల దాకా మడిచాడు, నెత్తి నిండా సుద్దపొడి. నన్ను చూసి చెయ్యి ఊపి మళ్ళీ బల్ల వైపు తిరిగాడు. పులి మాట అడగాలనుకున్నాను గాని అడగలేదు.

గుట్టసారు నన్ను ఇంటికి తీసుకుపోయాడు. పొట్టిగా, నల్లగా, మాట మెల్లగా ఉండే మనిషి. నేనెవరో చెప్పేసరికి ఆయన భార్య పొయ్యి దగ్గర నుంచి తలెత్తింది.

"గా నోటు రాసింది నువ్వేనా తమ్మీ?"

అవునన్నాను. ఆమె నా ముందు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది.

"తిను. తిన్నంక తిడ్త" అంది.

నిజంగానే తిట్టింది. ఆరేళ్ళు ఆ మనిషి బడి నుంచి వచ్చి దీపం దగ్గర ఎట్లా చదివాడో, వేసవిలో ఇంత దూరం పోయి జ్వరంతో ఎట్లా తిరిగొచ్చాడో, ఒక్కొక్కటీ చెప్పి తిట్టింది. గుట్టసారు అడ్డం రాలేదు. నేను తల వంచుకొని రొట్టె నమిలాను. ఆమె నీళ్ళకు బయటికి పోయాక జేబులోంచి ఉత్తరం తీసి ఆయన చేతిలో పెట్టాను.

"నాది తప్పయింది సార్. ఇది ఫైల్లనే ఉండె. నేను చూడలే."

ఆయన ఉత్తరం విప్పలేదు. మడతలోంచి కనబడే కాలేజీ ముద్ర చూసే గుర్తుపట్టాడు. లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచి, ఇంకో కాగితం తెచ్చి నాకిచ్చాడు. అదే ఉత్తరం, అదే తేదీ. కింద ఆయన పేరున నకలు.

"మరి చూపెట్టలేదేంది సార్? ఒక్క కార్డు ముక్క రాసినా అయిపోవు గద" అన్నాను.

"చూపెడదామనే బయలెల్లిన తమ్మీ" అన్నాడు ఆయన. "నీ ఆర్డరు అందినంక పది రోజులు కోపంల ఉన్న. పదకొండో నాడు ఇస్త్రీ అంగీ తొడుక్కొని, ఈ కాయితం జేబుల పెట్టుకొని బస్సు కాడికి పోయిన. మీ ఆఫీసరు ముంగట పెట్టి, నీ మొఖం ఎట్లయితదో చూడాలె అనుకున్న. బస్సొచ్చింది. మీ దోస్తు పెట్టె పట్టుకొని దిగిండు. ఎవరు సార్ మీరంటే, కొత్త హెడ్మాస్టర్ను, లెక్కలు చెప్త అన్నడు."

ఆయన నా చేతిలోని నకలు తీసుకొని మళ్ళీ మడిచాడు.

"మూడేండ్ల సంది లెక్కల సారును ఇయ్యున్రని నేను పెట్టని అర్జీ లేదు. ఒక్కటి గూడ నీ టేబులు దాటలే. నాకు లెక్కలు రావు. పిల్లలకు నేను ఏం చెప్పిన్నో నాకే తెలుసు, సున్నా ఏసుకున్న పాఠాలన్నీ గవే. నా నౌకరి మీద నువ్వు ఒక్క ముక్క రాసినవు, లెక్కల సారు నడుసుకుంట వచ్చిండు. బస్సు ఎల్లిపోయింది. ఆయన పెట్టె నెత్తి మీద పెట్టుకొని ఇంటికి తోలుకొచ్చిన."

"మీకు హెడ్మాస్టర్ కావాలని లేదా సార్?"

"లేదని ఎవలన్నరు? మస్తు ఉంది. నా పెండ్లాం దసరా దాక నాతోని మాట్లాడలే. మీ దోస్తు ఎనుక కూసోని నా పాఠం చూస్తుంటే మొదటి నాడు చెప్పిన మాటే మూడుసార్లు చెప్పిన. యాభైకి దగ్గర పడ్డోన్ని, కొత్త పంతులు తీర్గ నిలబడ్డ." నేనిచ్చిన ఉత్తరం తిరిగి నా చేతిలో పెట్టి అన్నాడు, "ఇప్పుడు నువ్వు ఈ కాయితం పెడితే ఆయనను రేపే ఎనుకకు పిలుస్తరు. పరీక్ష మార్చిల ఉంది. జర అప్పటిదాక ఆగు తమ్మీ. ఆయనకు గూడ చెప్పకు. తెలిస్తే ఈ పొద్దే పెట్టె సదురుకుంటడు."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిందో, ఆ మనిషి మీద ప్రేమతో వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆగుతానన్నాను.

ఆగడం అంటే ఏమిటో మీకు తెలియాలి. నియమం అంటే ప్రాణమిచ్చే గుమాస్తా, ఒకరి ఉద్యోగం తేల్చే ఉత్తరాన్ని ఫైలు నుంచి తీసి తన ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచాడు. పట్టుబడితే సస్పెన్షనే. టేబుల్ మీద ఆ ఫైలు రోజూ నా వైపే చూస్తున్నట్టుండేది. రెండుసార్లు ఆఫీసరు "ఆ గుట్ట కేసు ఏమైంది?" అని అడిగాడు. రెండుసార్లూ "పరిశీలనలో ఉంది సార్" అన్నాను. ఆ మాటకు అర్థం ఏమిటో దఫ్తరుల్లో పనిచేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

మార్చిలో పరీక్షలు అయ్యాయి. ఆఖరి పేపరు రాసిన మరునాడు ఉత్తరాన్ని ఎక్కడ దొరికిందో అక్కడే, వెనక అట్టకు ఆనించి కుట్టి, ఫైలు తీసుకుపోయి ఆఫీసరు ముందు పెట్టాను. ఇన్నాళ్ళూ దీన్ని చూడకుండా నోటు రాశానని ఒప్పుకున్నాను. ఆఫీసరు మండిపడ్డాడు. పక్కనే ఉన్న సూపరింటెండెంటు లేచి నిలబడి, షేర్వాణీ గుండీ సవరించుకొని, "హుజూర్, కుట్టింది నేను. నా చెయ్యి ఇంకా పాత సర్కార్ల ఉంది. పిల్లగాన్ని అనకున్రి" అన్నాడు. ఆ ఉత్తరం ఎప్పుడు దొరికిందని మాత్రం ఇద్దరిలో ఎవరూ నన్ను అడగలేదు. సూపరింటెండెంటు నా ముఖం వైపు ఒకసారి చూశాడు, మళ్ళీ చూపు తిప్పుకున్నాడు. ఆయనకు తెలిసే ఉంటుందని నా అనుమానం.

గుట్టసారును ఆగస్టు నుంచే లెక్కగట్టి అదే బడికి హెడ్మాస్టరును చేశారు. అప్పటికి రోడ్డు మీది ఒక ఊళ్ళో ఇంకో ఖాళీ వచ్చింది, మా దోస్తు అక్కడికి పోయాడు. సంగతంతా తెలిశాక నాతో రెండు వారాలు మాట్లాడలేదు. మాట్లాడిన రోజున, "నాకు ముందే చెప్తే పరీక్ష అయ్యేదాక ఉండకపోదునా? నన్ను గంత చిన్నోన్ని చేసిన్రు ఇద్దరు గలిసి" అన్నాడు. ఆ మాటా నిజమే.

పదకొండు మందిలో ఏడుగురు పాసయ్యారు. తప్పిన నలుగురిలో లెక్కల్లో తప్పినవాడు ఒక్కడే.

ఇదంతా విని మా వీధి టీచరమ్మ, "అయితే పోస్టుల చదివిన ట్రైనింగు చెల్లుతదన్నట్టేనా తాతా?" అంది. తెలియదమ్మా అన్నాను. నేను రిటైరయ్యే రోజు నా సర్వీసు పుస్తకం నా చేతికి ఇచ్చారు. అందులో మొత్తం మీద ఒకే ఒక్క మందలింపు ఉంది, ఎర్ర సిరాతో: ఫైలును పూర్తిగా చదవకుండా నోటు రాసినందుకు. చదివిన తర్వాత రెండు నెలలకు పైగా దాచిపెట్టినందుకు అందులో ఒక్క అక్షరం లేదు. నేను ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా వెతుక్కునేది ఆ రాయని మాటనే.